మన ఇంగ్లీషు ఎక్కడ అర్థం కాకుండా పోతోంది?

విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు చదువుతూ నడిస్తే స్పోకెన్ ఇంగ్లీషు, ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) మాటల పక్కనే ‘యాక్సెంట్ ట్రైనింగ్’ అని కనిపిస్తుంది. ఆ క్లాసుల్లో చేరే పిల్లలు గాజువాక, అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వస్తుంటారు. ఒకరికి వీసా ఇంటర్వ్యూ టెన్షన్. ఒకరికి రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం కావాలి. ఇంకొకరికి మర్చంట్ నేవీలో చేరాలని ఉంటుంది. చాలాచోట్ల వాళ్లకి ముందుగా నేర్పేది ‘వాటర్’ని ‘వాడర్’ అనడం, ప్రతి ‘ఆర్’ దగ్గరా నాలుక మడవడం. దానికోసం ఆ పిల్లలు పెట్టే నెలలూ డబ్బూ చూస్తే నాకు బాధేస్తుంది. మన ఇంగ్లీషు అవతలివాళ్లకి అర్థం కాకపోవడానికి అసలు కారణాలు వేరే చోట ఉన్నాయి. అవి ఓపిగ్గా నేర్పితే వచ్చేవే.

యాస ఉండటం, అర్థం కాకపోవడం రెండు వేరువేరు విషయాలు. కెనడాలో ముర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ అనే పరిశోధకులు 1995లో దీన్ని కొలిచి చూపించారు. చైనా మాండరిన్ మాట్లాడేవాళ్ల ఇంగ్లీషు వాక్యాలను రికార్డు చేసి, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకి వినిపించారు. విన్నది విన్నట్టు రాయమన్నారు, యాస ఎంత ఉందో మార్కులు వేయమన్నారు, అర్థం చేసుకోవడానికి ఎంత కష్టపడ్డారో చెప్పమన్నారు. ‘యాస చాలా ఎక్కువ’ అని మార్కులు పడిన వాక్యాల్ని కూడా చాలాసార్లు ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసేశారు. ఈ సంగతి మనకి ఇంట్లోనే తెలుసు. ‘ఏటి సేస్తన్నావు?’ అని శ్రీకాకుళం మనిషి అడిగితే హైదరాబాద్ మనిషి యాసని పట్టేస్తాడు, ప్రశ్న కూడా పూర్తిగా అర్థమవుతుంది. యాస విని నవ్వేవాళ్లుంటే అది నవ్వేవాళ్ల సంస్కారం. ఆ నవ్వుకి భయపడి సొంత తెలుగునే దాచుకున్న పిల్లలు ఇంగ్లీషు దగ్గరకి వచ్చేసరికి రెట్టింపు భయంతో వస్తారు.

సరే, యాస పోగొట్టుకుని ఎవరిలా మాట్లాడాలి? ‘నేటివ్ స్పీకర్‌లా’ అని తేలిగ్గా అనేస్తారు. ఇంగ్లాండులో పాత రేడియో వార్తలు చదివేవాళ్ల తరహా ఉచ్చారణతో మాట్లాడేవాళ్లు అక్కడి జనాభాలో దాదాపు 3 శాతమేనని భాషావేత్తల అంచనా. స్కాట్లాండ్‌లో ‘ఆర్’ గట్టిగా వినిపిస్తుంది, లండన్‌లో ‘కార్’ చివర అసలు వినపడదు. లండన్ వీధుల్లో ‘థింక్’ని ‘ఫింక్’ అనేవాళ్లు బోలెడుమంది. ఐర్లాండ్‌లో చాలామంది అదే మాటని మన ‘త’కి బాగా దగ్గరగా, నాలుక పళ్లకి ఆనించి పలుకుతారు. వాళ్లకి ఇంగ్లీషు మాతృభాష. వాళ్లలో వాళ్లకే కుదరని విషయం కాబట్టే 1926లో బీబీసీ తన అనౌన్సర్లు ఏ మాటని ఎలా పలకాలో తేల్చడానికి ఒక సలహా సంఘాన్ని వేసుకుంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిందీ ఆ ఏడాదే.

కాబట్టి ఎవరిలా మాట్లాడాలి అని కాకుండా, వినేది ఎవరు అని అడగాలి. విశాఖలో దీనికి ఒక్క సమాధానం లేదు. అమెరికా వీసా అధికారి ఒక రకం శ్రోత. ఓడలో పక్కన నిలబడే ఫిలిప్పీన్స్ అధికారి ఇంకో రకం. ఆన్‌లైన్ మీటింగులో జర్మన్ ఇంజినీరు మరో రకం. పరిశోధకుల మధ్య ఉన్న ఒక పెద్ద తేడాకి కారణం కూడా ఇక్కడే తేలుతుంది.

హైదరాబాద్‌లో 1958లో పెట్టిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ (నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం) తరఫున ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతరులకి ఎంతవరకు అర్థమవుతోందో పరీక్షించి 1969లో ఫలితాలు ప్రచురించారు. బ్రిటిష్ శ్రోతలకి సగటున దాదాపు 70 శాతం అర్థమైంది. మిగతాది జారిపోవడానికి ఆయన చూపిన ముఖ్య కారణాల్లో మాటలో ఊనిక, అంటే స్ట్రెస్, తప్పు చోట పడటం ఒకటి. మరోవైపు బ్రిటన్‌కి చెందిన జెన్నిఫర్ జెంకిన్స్ ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ అపార్థాలు వస్తున్నాయో గమనించి, 2000లో ఒక కనీస జాబితా ఇచ్చారు. అందులో మాటలోని ఊనికకి చోటు లేదు. ‘థ’ని ఇంగ్లీషువాళ్లలా పలకడానికీ లేదు. హల్లులు స్పష్టంగా ఉండటం, అచ్చుల పొడుగు పొట్టి తేడా, మాట మొదట్లో హల్లుల గుంపుని మింగేయకపోవడం, వాక్యంలో ముఖ్యమైన మాట మీద బరువు వేయడం, ఇవీ ఆమె లెక్కలో ముఖ్యమైనవి. పైకి ఈ ఇద్దరూ ఒకరినొకరు కొట్టేస్తున్నట్టు కనిపిస్తారు గానీ, బన్సల్ పరీక్షలో విన్నది బ్రిటిష్‌వాళ్లు, జెంకిన్స్ గమనించినవాళ్లకి ఇంగ్లీషు నేర్చుకున్న భాష. శ్రోత మారితే పాఠం మారుతుంది.

‘థ’ విషయం ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే క్లాసుల్లో దీనిమీద పోయేంత టైమ్ దేనిమీదా పోదు. నాలుక పళ్ల మధ్య పెట్టి గాలి వదలమని పిల్లల్ని వరసగా నిలబెడతారు. మన ‘థ’తో ‘థింక్’ అన్నా, ‘ద’తో ‘దిస్’ అన్నా అర్థం కాక ఆగిపోయేవాళ్లు చాలా అరుదు. విమానయానంలో పైలట్లు, కంట్రోలర్లు అంకెలు చెప్పుకోవడానికి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన పద్ధతిలో 3ని ‘ట్రీ’ అనీ, 1000ని ‘టౌసండ్’ అనీ పలకమని ఉంది. 5 ‘ఫైఫ్’, 9 ‘నైనర్’. ప్రాణాలు ఆధారపడిన చోట ప్రపంచం ఆ శబ్దాన్ని పక్కనపెట్టి, అందరి నోటికీ పలికేదాన్ని ఎంచుకుంది.

అంత శ్రద్ధా పెట్టాల్సిన శబ్దాలు మరికొన్ని ఉన్నాయి. ‘ప’ని చూడండి. ఇంగ్లీషులో ‘పిన్’ అన్నప్పుడు పెదాల దగ్గర గాలి పుట్టుమని బయటికి వస్తుంది. నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుంటే అది ఊగాలి. మన ‘ప’తో అంటే కాగితం కదలదు. గాలి లేని ఆ ‘ప’ ఇంగ్లీషు చెవికి ‘బ’లా వినిపించే ప్రమాదం ఉంది. ‘పిన్’ ‘బిన్’ అయి, గుండుసూది కాస్తా చెత్తబుట్ట అవుతుంది. మాట మొదట్లో వచ్చే ‘ట’, ‘క’ల సంగతీ ఇదే. మనకి ఇది కొత్త విద్యేమీ కాదు. వర్ణమాలలో ‘క’ పక్కన ‘ఖ’, ‘ప’ పక్కన ‘ఫ’ పెట్టినవాళ్లకి ఈ గాలి తేడా క్షుణ్ణంగా తెలుసు. ‘క’ వర్గం గొంతు దగ్గర మొదలై ‘ప’ వర్గం పెదాల దగ్గర ముగిసే ఆ వరస నోటిలో ఏ శబ్దం ఎక్కడ పుడుతుందో చెప్పే పటం. పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ ధ్వనిశాస్త్రం ఉచ్చారణ గురించి చెప్పే సంస్కృత శిక్షా గ్రంథాల నుంచి నేర్చుకున్నది తక్కువేమీ కాదు. ఒకటో తరగతిలోనే పిల్లల చేతికి వచ్చిన ఈ పటాన్ని ఇంగ్లీషు క్లాసులో ఎందుకు తియ్యరో నాకు అర్థం కాదు.

రెండోది మాట చివర. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. అందుకే రోడ్డు, బస్సు, పెన్ను, టికెట్టు పుట్టాయి. తెలుగులో అవి తెలుగు మాటలే, వాటికి వంక పెట్టక్కర్లేదు. కానీ ఇంగ్లీషు వాక్యంలో ‘బస్సు’, ‘బుక్కు’ అంటే వినేవాళ్లకి ఆ ‘ఉ’ ఇంకో చిన్న మాటలా తగులుతుంది, ఎక్కడ ఒక మాట ఆగి ఇంకోటి మొదలైందో తేలదు. దీనికి తోడు మొదట్లో ‘ఎ’కి ముందు ‘య’, ‘ఒ’కి ముందు ‘వ’ వచ్చి చేరతాయి. ‘ఎనిమిది’ని ‘యెనిమిది’ అన్నట్టే ‘ఎలెవెన్’ని ‘యెలెవెన్’ అంటాం, ‘ఒకటి’ని ‘వొకటి’ అన్నట్టే ‘ఓల్డ్’ని ‘వోల్డ్’ అంటాం. ఇక ‘వైన్’ అంటే ద్రాక్షసారాయా, ద్రాక్షతీగా అన్నది మన ఒక్క ‘వ’తో తేలదు. పళ్లు కింది పెదవికి తగిలితే తీగ, పెదాలు గుండ్రంగా ముందుకొస్తే సారా. వారం రోజులు అద్దం ముందు సాధన చేస్తే వచ్చేస్తుంది.

నాలుక కొస పైకి మడిచి పలికే మన ‘ట’, ‘డ’లని మాత్రం నేను ముట్టుకోను. ఇంగ్లీషు ‘ట’ మన ‘త’కీ ‘ట’కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మన ‘ట’తో పలికితే భారతీయుడని తెలుస్తుంది, అంతే. దానివల్ల మాట మారిపోదు.

ఊనిక దగ్గరికి వద్దాం. తెలుగులో అచ్చు పొడుగైతే అర్థం మారుతుంది. పలకకీ పాలకకీ తేడా పొడుగులోనే ఉంది. అందుకని మనం ప్రతి అక్షరానికీ దాని పొడుగు దానికిచ్చి, దేన్నీ తగ్గించకుండా పలుకుతాం. ఇంగ్లీషు అలా నడవదు. ఒక మాటలో ఒక అక్షరాన్ని సాగదీసి, గొంతు పెంచి, మిగతా అచ్చుల్ని నీరుగార్చేస్తుంది. అరటిపండు మాటనే తీసుకోండి. మనం ‘బనానా’ అని రెండు ‘నా’లనీ సమానంగా సాగదీస్తాం. ఇంగ్లీషువాళ్ల నోట మధ్య ‘నా’ ఒక్కటే నిలబడుతుంది, ముందు వెనకలవి సగం ‘అ’లా నలిగిపోతాయి. ‘ఫొటోగ్రాఫ్’లో బరువు మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రాఫర్’లో రెండో దాని మీద, ‘ఫొటోగ్రాఫిక్’లో మూడో దాని మీద. ‘డెవలప్’లో ‘వె’ మీద పడాల్సిన బరువుని మనం ‘డె’ మీద వేస్తాం, ‘హోటల్’లో ‘ట’ మీద పడాల్సింది ‘హో’ మీద వేస్తాం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల చెవి ముందు వెతికేది ఆ బరువైన అక్షరాన్నే. అది తప్పు చోట దొరికితే వేరే మాట కోసం వెతుక్కుంటూ వెళ్లిపోతుంది, ఈలోపు మన వాక్యం అయిపోతుంది.

దీనికి స్పెల్లింగు మరో అడ్డు. తెలుగులో రాసినట్టే చదువుతాం కాబట్టి ఇంగ్లీషులోనూ ప్రతి అక్షరానికీ న్యాయం చెయ్యాలని చూస్తాం. కాక్స్‌టన్ 1476లో ఇంగ్లాండుకి అచ్చుయంత్రం తెచ్చాడు. స్పెల్లింగులు అచ్చులో గట్టిపడుతున్న ఆ శతాబ్దాల్లోనే దీర్ఘాచ్చుల పలుకుబడి పూర్తిగా మారిపోయింది. రాత పాత కాలంలో ఆగిపోయింది, మాట ముందుకి నడిచింది. ‘ప్లంబర్’లో ‘బ’, ‘రిసీట్’లో ‘ప’ రాతలోనే ఉంటాయి. ‘ఆస్కెడ్’ అనే మాట ఎవరి నోటా ఉండదు.

మాటని దాటి వాక్యంలోకి వస్తే, తెలుగువాళ్లకి ఎవరూ సరిగ్గా చెప్పని సంగతి ఒకటుంది. ‘రేపు వస్తాను’, ‘రేపే వస్తాను’, ‘నేనే రేపు వస్తాను’. మనం ముఖ్యమైన మాటకి ‘ఏ’ తగిలిస్తాం. గొంతు కూడా కాస్త పెంచుతాం గానీ అసలు పని చేసేది ఆ ఏకారమే. ఇంగ్లీషులో అలాంటి ప్రత్యయం లేదు. ‘ఐ యామ్ కమింగ్ టుమారో’ అనే ఒకే వాక్యంలో గొంతు బరువు ‘ఐ’ మీద వేస్తే నేనే అని, ‘టుమారో’ మీద వేస్తే రేపే అని. ఆ బరువు వేయడం తెలియక మనం మన ఏకారానికి బదులు ‘ఓన్లీ’ని పట్టుకొచ్చాం. ‘టుమారో ఓన్లీ ఐ యామ్ కమింగ్’, ‘యెస్టర్‌డే ఓన్లీ హి టోల్డ్’. విశాఖలో, చెన్నైలో, బెంగళూరులో దీన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్లు ఉండరు, మన మధ్య అది చక్కగా పనిచేస్తుంది. బయటివాళ్లకి మాత్రం ‘రేపు తప్ప ఇంకెప్పుడూ రాను’ అన్నట్టు వినిపిస్తుంది. బన్సల్ శ్రోతలకైనా జెంకిన్స్ శ్రోతలకైనా వాక్యంలోని ఈ బరువు కావాల్సిందే. అందుకే నన్నడిగితే తెలుగు పిల్లలకి ఉచ్చారణలో మొదటి పాఠం ఇదే కావాలి: తెలుగులో వాక్యం అనుకో, ‘ఏ’ ఎక్కడ తగిలిస్తావో చూడు, ఇంగ్లీషులో సరిగ్గా ఆ మాట మీద గొంతు ఎత్తు. తెలుగు వచ్చినవాళ్లకి ఇది ఒక్క గంటలో పట్టుబడుతుంది.

ఓడరేవు ఉన్న ఊళ్లో అంకెల గురించి చెప్పకుండా ఉండలేను. 13కీ 30కీ మన నోట తేడా చివరి ‘న్’ ఒక్కటే. ఇంజిన్ మోతలో, వైర్‌లెస్ గరగరలో ఆ ‘న్’ వినపడదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించిన ప్రామాణిక నౌకా వాక్యాల్లో అంకెల్ని విడివిడిగా చెప్పమన్నారు: 150ని ‘వన్-ఫైవ్-జీరో’ అని. నావికుల్లో ఎవరి యాసా మార్చకుండా ప్రమాదాన్ని తగ్గించే పద్ధతి అది.

పరీక్షల సంగతి క్లుప్తంగా. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగులో ఉచ్చారణ నాలుగు కొలమానాల్లో ఒకటి, నాలుగో వంతు మార్కులు. అందులో చూసేది మాట ఎంత తేలిగ్గా అర్థమవుతోంది, ఊనిక, స్వరం ఎలా ఉన్నాయి అని. బ్రిటిష్ యాసకీ అమెరికన్ యాసకీ అదనపు మార్కులు లేవు. యూరప్ భాషా ప్రమాణాల్లో ఉచ్చారణ కొలబద్దని 2018లో తిరగరాసినప్పుడు మాతృభాషీయుల్ని నమూనాగా పెట్టుకోవడమే మానేశారు. అరువు యాస పెట్టుకుని వెళ్లిన పిల్లలు పరీక్షలో రెండో నిమిషానికి దాన్ని మోయలేక తడబడటం టీచర్లందరికీ తెలిసిందే.

అర్థం కావడం అనే బరువు ఒక్క మాట్లాడేవాళ్ల మీదే ఉండదు. అమెరికాలో డొనాల్డ్ రూబిన్ 1992లో విద్యార్థులకి ఒక లెక్చర్ రికార్డింగు వినిపించారు. మాట్లాడింది అమెరికన్ మహిళే. ఆసియా ముఖం ఫొటో చూస్తూ విన్నవాళ్లకి లేని యాస వినిపించింది, పాఠం కూడా తక్కువ అర్థమైంది. చెవికంటే ముందు కన్ను తీర్పు చెప్పేసింది. విశాఖపట్నాన్ని ‘వైజాగపటం’గా, వాల్తేరుని ‘వాల్టేర్’గా పలికినవాళ్ల నాలుకకీ మన శబ్దాలు కష్టమే. పుట్టుకతో ఎవరి చెవీ మూసుకుని ఉండదు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో చూపించినట్టు, ఇంగ్లీషు ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు హిందీలోని ‘త’, ‘ట’ల తేడాని గుర్తుపట్టగలరు. ఏడాది నిండేసరికి ఆ శక్తి తగ్గిపోతుంది, ఇంటి భాషకి అవసరం లేదు కాబట్టి. పెద్దయ్యాక తిరిగి నేర్చుకోవాలంటే ముందు వినడం నేర్చుకోవాలి. జపాన్‌వాళ్లకి ‘ర’, ‘ల’ల తేడా నేర్పిన 1991 నాటి ప్రయోగంలో పనిచేసింది ఒక్క టీచర్ గొంతు కాదు, అనేకమంది గొంతులు. ఒకే గొంతు వింటే ఆ గొంతే అలవాటవుతుంది.

ఈ ఊళ్లోనే ఇలాంటి పాఠం ఒకటి వందేళ్లకి పైగా కిందట నడిచింది. 1907లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తాను పుస్తకంలో చదివే తెలుగుకీ జనం మాట్లాడే తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆయనకి గిడుగు రామమూర్తి, గురజాడల పేర్లు చెప్పారు. వాడుక భాషా ఉద్యమం ఊపందుకోవడంలో ఆ ప్రశ్నకి వాటా ఉంది. మనుషులు నిజంగా ఎలా మాట్లాడుతున్నారో ముందు వినాలి అన్నది గిడుగువారు సవర భాష నేర్చుకున్నప్పుడూ వదలని పద్ధతి. ఇంగ్లీషు టీచర్లకి ఇంతకంటే దగ్గరి గురువు దొరకరు.

క్లాసులో దీన్ని ఎలా పెట్టొచ్చంటే, ముందు డిక్షనరీ చూడటం నేర్పాలి. మాట పక్కన శబ్దలిపిలో ఊనిక పడే అక్షరానికి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది, చాలామంది పిల్లలకి దాని అర్థం ఎవరూ చెప్పి ఉండరు. కొత్త మాట నేర్చుకున్నప్పుడల్లా స్పెల్లింగుతో పాటు ఆ గీత చోటు కూడా రాసుకోమనాలి. తర్వాత ఫోనులో పది వాక్యాలు రికార్డు చేయించి, వాటిని తెలుగు రానివాళ్లకి వినిపించి విన్నది రాయించాలి. తెలుగువాళ్లే రాస్తే లాభం లేదు, మన మాట మనకి ఎలాగూ అర్థమవుతుంది. విశాఖలో అలాంటి శ్రోతలకి కొదవ లేదు. నేవీ క్వార్టర్లలో పంజాబీ, మలయాళీ కుటుంబాలు, స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో ఒడియా, బెంగాలీ ఇళ్లు, ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విదేశీ విద్యార్థులు ఉన్నారు. వాళ్లు తప్పుగా రాసిన మాటల దగ్గర గుర్తులు పెట్టుకుంటే మర్నాడు ఏ పిల్లవాడికి ఏం నేర్పాలో టీచర్ చేతిలో ఉంటుంది. ఒకరికి గాలి లేని ‘ప’, ఇంకొకరికి చివరి ‘ఉ’, చాలామందికి ఊనిక.